ఏడు రోజుల స్కౌట్ శిబిరానికి బిడ్డను పంపే ముందు

వార్షిక పరీక్షలు ముగిసే వేళకు బడి నుంచి ఒక కాగితం ఇంటికి వస్తుంది. బళ్ళారి, పావగడ వైపు అది కన్నడంలో ఉంటుంది. హోసూరులో తమిళంలో, రాయగడ, గుణుపురం ప్రాంతాలలో ఒడియాలో, సిరొంచలో మరాఠీలో. అడుగున తల్లిదండ్రుల సంతకానికి ఖాళీ విడిచి ఉంటుంది. బిడ్డ దానిని తనకు తోచినట్లు తెలుగులోకి మార్చి చదివి వినిపిస్తాడు, తండ్రి సంతకం చేస్తాడు. ఏ ఊరు, ఎన్ని రోజులు, ఎంత సొమ్ము అన్న మూడు ప్రశ్నలతో చర్చ ముగుస్తుంది. ఆ సంతకానికీ, బస్సు కదిలే ఉదయానికీ నడుమ మనకు సాధారణంగా రెండు మూడు వారాల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని ఎలా వినియోగించుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్కౌటు శిబిరం వారం రోజులు సాగడం నిన్నటి మాట కాదు. 1907 ఆగస్టు 1 నుంచి 8 వరకు ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పవెల్ నడిపిన తొలి శిబిరం కూడా దాదాపు ఇంతే. దానికి వచ్చిన ఇరవైమంది బాలురలో సంపన్నుల బడులలో చదివేవారూ, శ్రామికుల బిడ్డలూ ఉన్నారు. వారిని నాలుగు దళాలుగా విడదీసి, ఒక్కొక్క దళానికి ఒక పెద్ద బాలుణ్ణి నాయకునిగా నిలిపి, పనులన్నీ దళాలవారీగా చేయించాడు. రెండేళ్ళు తిరగకుండానే, 1909లో, మన పొరుగున ఉన్న బెంగళూరులో స్కౌటు దళం ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత వేర్వేరు సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. మరుసటి ఏడు బాలికల గైడ్ సంఘం అందులో చేరింది. నేటికీ దళంలో ఆరుగురు నుంచి ఎనిమిది మంది ఉంటారు. మీ బిడ్డ ఆ ఏడు రోజులూ వండేది, కడిగేది, నిద్రించేది ఆ చిన్న గుంపుతోనే.

శిబిరంలో దినచర్య తెల్లవారక ముందే ఆరంభమవుతుంది. వ్యాయామం, గుడారం శుభ్రత, తనిఖీ, జెండా వందనం, ముళ్ళు వేయడం, ప్రథమ చికిత్స, దిక్సూచి చూడడం, వెదురు కర్రలతో గిన్నెల బల్ల వంటివి కట్టడం, సాయంత్రం ఆటలు, రాత్రి నెగడు చుట్టూ పాటలు, ప్రదర్శనలు. వినడానికి ఇదంతా ఉత్సాహంగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టేవి ఈ పట్టికలో కనిపించని సంగతులు.

భాష తెలియని చోట బిడ్డ

కొన్నేళ్ళ క్రితం మా ఊరి నుంచి శిబిరానికి వెళ్ళిన పన్నెండేళ్ళ పిల్లవానికి రెండవ రోజునే విరేచనాలు పట్టుకున్నాయి. బడిలో రాష్ట్ర భాష చదువుతున్నాడు, పరీక్షలలో మంచి మార్కులు కూడా వచ్చాయి. కాని పుస్తకంలో పద్యం అప్పజెప్పే భాష వేరు. కొత్త మనిషి ముందు నిలబడి తన కడుపు సంగతి చెప్పుకొనే భాష వేరు. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్నాడు. నాలుగవ రోజు ఉదయం జెండా ముందు కళ్ళు తిరిగి పడిపోయాక ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాడు. కాని "ఎందుకు చెప్పలేదురా నాయనా" అని వాళ్ళ అవ్వ అడిగితే వాడిచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు: "ఎట్లా చెప్పాలో తెలియలేదవ్వా."

సరిహద్దు గ్రామాల కుటుంబాలు అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇక్కడే ఉంది. బిడ్డకు వ్యాకరణం అక్కరలేదు. శిబిరం జరిగే భాషలో, నోరు తిరిగేలా, పది మాటలు చాలు. నీళ్ళు కావాలి, కడుపు నొప్పి, జ్వరం, తల తిరుగుతోంది, మరుగుదొడ్డి ఎక్కడ, నన్ను కొట్టారు, నా వస్తువు పోయింది, నాకు భయంగా ఉంది, నేను ఇంటికి మాట్లాడాలి, నాకు అర్థం కాలేదు. ఇవి రోజూ రాత్రి భోజనం దగ్గర గట్టిగా పలికించండి. కడుపును కన్నడంలో హొట్టె అంటారు, తమిళంలో వయిరు, మరాఠీలో పోట్, ఒడియాలో పేట. జ్వరం కన్నడంలో జ్వరగానే ఉంటుంది, ఒడియాలో జర అవుతుంది. తమిళంలో కాయ్చల్, మరాఠీలో తాప్, హిందీలో బుఖార్. ఒక్క మాట మాత్రం మనకు కలిసి వస్తుంది. వాంతి అంటే కన్నడిగునికీ, తమిళునికీ, మరాఠీవానికీ అదే మాట, ఒడియావానికి బాంతి. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు పడీపడీ నవ్వుతారు, నవ్వినది మరచిపోరు.

యానాం పిల్లలకు ఊరి చుట్టూ తెలుగే కనుక ఈ చిక్కు ఇంటి దగ్గర లేదు. కాని రాత్రంతా ప్రయాణించి పుదుచ్చేరిలో దిగిన నాడు వారికీ తమిళమే ఎదురవుతుంది.

స్కౌటు పద్ధతిలో భాషతో పనిలేని సంకేతాలు కొన్ని ఉన్నాయి. వాటిని ముందే నేర్పితే బిడ్డ తోటివారిని చూసి కదలవలసిన అవసరం ఉండదు. ఈల ఒక్కసారి దీర్ఘంగా మోగితే నిశ్శబ్దంగా నిలబడి వినాలి. పొట్టి ఈలలు వెంటవెంటనే మోగితే పరుగున వచ్చి కూడాలి. నిడివైన ఈలలు నెమ్మదిగా వరుసగా మోగితే విడిపోయి దూరంగా వెళ్ళాలి. పొట్టిదీ నిడివైనదీ మార్చి మార్చి మోగితే అది అపాయ సూచన. మూడు పొట్టి, ఒక నిడివి అయితే పిలుపు దళ నాయకులకు మాత్రమే. ఇంట్లో ఒక ఈల కొని ఆటగా ఆడించండి. ఇరుగుపొరుగువారు రెండు రోజులు విసుక్కుంటారు, అంతే.

ప్రార్థన గీతం, జెండా గీతం హిందీలో ఉంటాయి. బడిలో అందరితో కలిసి పెదవులు కదిపిన పిల్లవాడు శిబిరంలో తన దళం వంతు వచ్చినప్పుడు తడబడతాడు. ఉపాధ్యాయుని అడిగి వాటిని తెలుగు లిపిలో రాయించుకొని, అర్థంతో సహా కంఠస్థం చేయించడం మేలు.

పేరు సంగతి

చిన్న విషయంగా తోచే పెద్ద చిక్కు ఇది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడు బడి పట్టికలో అది పొట్టి అక్షరంగా కుదించబడుతుంది. మహారాష్ట్రలో బిడ్డ పేరు ముందు, తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. ఇక ఆధార్ కార్డులో ఎలా ఉందో ఆ నమోదు చేసినవారికే తెలియాలి. ఫలితంగా శిబిరం హాజరు పట్టికలో మొదటి మాటను పేరుగా తీసుకొని ఇంటిపేరుతో పిలిచేస్తారు. పిల్లవాడు అది తన పేరే అనుకోడు, పలకడు, గైర్హాజరు పడుతుంది. అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం, ఆధార్ నకలు మూడింటిలోనూ పేరు ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే స్కౌట్ ఉపాధ్యాయునికి ముందే చెప్పండి. ఏ పేరుతో పిలిచే అవకాశం ఉందో బిడ్డకూ చెప్పి ఉంచండి.

బట్టల మీద గుర్తు కూడా ఇటువంటిదే. తెలుగులో పేరు రాస్తే అక్కడివారు చదవలేరు. ఆంగ్లంలో రాసినది రెండు ఉతుకులకు పోతుంది. మన చాకలివారు ఏ భాషా అక్కరలేకుండా ఊరందరి బట్టలనూ గుర్తుతో విడదీసేవారు. అదే పద్ధతిలో ప్రతి వస్త్రం అంచున ఒకే రంగు దారంతో ఒకే తీరు కుట్టు వేయండి. ఆ కుట్టు బిడ్డ చేతనే వేయించగలిగితే ఇంకా మంచిది. సూది పట్టడం శిబిరంలో ఎలాగూ అవసరమవుతుంది.

ఇంట్లోనే సాధన

గ్రామాల పిల్లలకు శిబిర జీవితం కొట్టిన పిండే అని అనుకుంటాము. అది సగం నిజం. నేల మీద పడుకోవడం, చేదతో నీళ్ళు తోడడం, చీకటిలో నడవడం వారికి కొత్త కాదు. కాని తిన్న కంచం కడగని మగపిల్లలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. తన జడ తాను అల్లుకోలేని ఆడపిల్లలూ ఉన్నారు. తల్లి దువ్వెన పట్టుకొని వెంట తిరిగినంత కాలం ఆ లోపం కనిపించదు. శిబిరంలో తనిఖీకి పది నిమిషాలు ముందు కనిపిస్తుంది.

కాబట్టి బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు నుంచి కొన్ని పనులు పూర్తిగా బిడ్డకే విడిచిపెట్టండి. పిలవకుండా లేవడం, పడక చుట్టి తాడుతో బిగించడం, లోదుస్తులు తానే ఉతుక్కోవడం, బూట్లు తుడుచుకోవడం, వడ్డించినది వంక పెట్టకుండా తినడం. చివరిదే కష్టం. ఆవకాయ, గోంగూర, పచ్చిమిరప కారం మరిగిన నాలుకకు శిబిరం సాంబారు చప్పగా ఉంటుంది. అక్కడ ఉదయం అటుకులు పెట్టవచ్చు, మధ్యాహ్నం చపాతీ పెట్టవచ్చు. వారానికి రెండు పూటలు ఇంట్లో కారం తగ్గించి, పచ్చడి లేకుండా పెట్టి చూడండి. ఆ పూట ఇంట్లోని పెద్దలే ఎక్కువ గొణుగుతారని ముందుగానే హెచ్చరిస్తున్నాను.

తినుబండారాల డబ్బాలతో సంచి నింపడం మానండి. జంతికలకు చీమలు వస్తాయి, చీమల వెంట ఎలుకలు వస్తాయి. అంతకంటే ముఖ్యం, ఏమీ తేలేని బిడ్డ పక్కనే కూర్చొని ఉంటుంది. ఇవ్వదలిస్తే దళం మొత్తానికి సరిపడేలా వేరుశనగ ఉండలు ఒక చిన్న డబ్బాలో ఇచ్చి, మొదటి సాయంత్రమే పంచమని చెప్పండి.

ఇంటి మీద బెంగ

ఇంటి మీద బెంగ రాని బిడ్డ ఉండదు. అది పిరికితనం కాదు. అమెరికాలో వేసవి శిబిరాల పిల్లలను పరిశీలించిన క్రిస్టఫర్ థర్బర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఎడ్వర్డ్ వాల్టన్ అనే వైద్యునితో కలిసి 2007లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం పత్రికలో ఈ విషయం మీద ఒక నివేదిక రాశారు. వారి సలహాలలో రెండు మన ఇళ్ళకు బాగా వర్తిస్తాయి. ఒకటి, వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయంలో బిడ్డకు భాగం ఇవ్వడం, ముందుగా ఒకటి రెండు రాత్రులు ఇంటికి దూరంగా ఉంచి అలవాటు చేయడం. అత్తగారింటికో అమ్మమ్మగారింటికో ఫోను లేకుండా రెండు రాత్రులు పంపితే ఆ పని జరిగిపోతుంది. రెండవది చాలామంది తల్లులకు రుచించదు. "నచ్చకపోతే ఒక్క ఫోను చేయి, వెంటనే వచ్చి తెచ్చుకుంటాను" అని మాట ఇవ్వవద్దు. ఓదార్పుగా పలికినా, నీవు నిలబడలేవని నాకు ముందే తెలుసు అన్న అర్థమే బిడ్డ మనసుకు చేరుతుంది. తొలి చిక్కు ఎదురైన క్షణం నుంచి వాని ఆలోచన ఆ ఫోను మీదే నిలుస్తుంది.

దానికి బదులు బెంగ కలిగినప్పుడు ఏమి చేయాలో చెప్పండి. దళ నాయకునితో మాట్లాడమనండి, ఏదో ఒక పని చేతిలోకి తీసుకోమనండి, ఒక ఉత్తరం రాయమనండి. నా అనుభవంలో రెండవ, మూడవ రాత్రులు కఠినమైనవి. ఐదవ రోజుకు అదే పిల్లవాడు ఇంటి ఊసు మరచి తాడు ముళ్ళ పోటీ గురించి మాట్లాడతాడు.

ఈ నియమానికి ఒక్క మినహాయింపు ఉంది, దానిని బిడ్డకు స్పష్టంగా చెప్పాలి. ఎవరైనా కొట్టినా, శరీరాన్ని తాకరాని విధంగా తాకినా, రహస్యంగా ఉంచమని బెదిరించినా, అది బెంగ కాదు. అప్పుడు వెంటనే చెప్పాలి. ఒకరు వినకపోతే మరొకరికి చెప్పాలి. పిల్లల సహాయవాణి 1098 అన్న సంఖ్యను ఇంటి ఫోను సంఖ్యతో పాటు కంఠస్థం చేయించండి. ఆడపిల్లలను పంపేటప్పుడు వెంట మహిళా గైడ్ ఉపాధ్యాయిని ఉంటున్నారా, రాత్రి ఎక్కడ పడుకోబెడతారు అని అడగడానికి మొగమాటపడవద్దు. మంచి నిర్వాహకులు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

దాచకూడని ఆరోగ్య విషయాలు

మన కుటుంబాలలో ఒక అలవాటు ఉంది. బిడ్డకు మూర్ఛ ఉంటే, ఉబ్బసం ఉంటే, అది బయటికి పొక్కితే పేరు పడిపోతుందని, రేపు సంబంధాలు రావని పత్రంలో రాయరు. మందు బిళ్ళలు కాగితంలో చుట్టి సంచి అడుగున పెట్టి పంపుతారు. రాత్రి వేళ బిడ్డకు మూర్ఛ వస్తే పక్కనున్న పిల్లలకు, ఉపాధ్యాయునికి ఏమీ తోచదు. మందు ఏది, ఎప్పుడు, ఎంత అన్నది వైద్యుని చీటీతో సహా ఉపాధ్యాయుని చేతికి ఇచ్చి, ఇతరులకు చెప్పవద్దని కోరండి. పక్క తడిపే అలవాటు కూడా ఇలాగే చెప్పవలసినది. పదేళ్ళ వయసులో సుమారు నూటికి ఐదుగురికి ఆ ఇబ్బంది ఉంటుంది. పడుకొనే ముందు ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి ఉపాధ్యాయుడు చప్పుడు లేకుండా లేపితే చాలు, బిడ్డ పరువు నిలుస్తుంది.

బహిష్టు వయసు సమీపించిన బాలికలకు తల్లి ముందుగానే కూర్చోబెట్టి చెప్పాలి. ఇంకా రాకపోయినా సరే, ప్యాడ్లు, చుట్టడానికి పాత వార్తాపత్రిక ముక్కలు, రెండు అదనపు లోదుస్తులు సంచిలో ఉండాలి. ఇంటి దగ్గర దూరంగా కూర్చోబెట్టే ఆచారం పాటించే కుటుంబాలవారు శిబిరంలో అటువంటిది ఉండదని, అందరితో కలిసి తినవచ్చునని, ఆడవచ్చునని బిడ్డకు చెప్పి పంపాలి. లేకుంటే ఆ పిల్ల ఏదో తప్పు చేసినట్లు మూల కూర్చుంటుంది.

వేసవి శిబిరంలో పెద్ద శత్రువు ఎండ. శరీరం వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. సెలవులు మొదలైనప్పటి నుంచి టీవీ ముందు, ఫోను ముందు నీడపట్టున గడిపిన బిడ్డను ఒక్కసారిగా మే నెల మైదానంలో నిలబెడితే తట్టుకోలేదు. ముందు పది రోజులు ఉదయం, సాయంత్రం నడిపించండి, ఆడనివ్వండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదని గుర్తించడం నేర్పండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు పెట్టండి. పెద్ద పొట్లాన్ని లీటరు నీటిలో మొత్తంగా కలపాలి కాని చెంచా చెంచాగా కాదు. పొట్లం లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, నీళ్ళతో ఒళ్ళంతా తడిపి విసురుతూ 108కి ఫోను చేయాలి.

దోమతెర తప్పనిసరి. రాయగడ, గడ్చిరోలి వైపు అడవి ప్రాంతాలలో మలేరియా నేటికీ ఉంది. దోమతెరకు మరో ప్రయోజనం కూడా ఉంది. కట్లపాము రాత్రివేళ నేల మీద నిద్రించేవారిని కరుస్తుంది, కాటు నొప్పి తెలియకపోవచ్చు. తెర అంచులను పరుపు కిందికి బిగించి దోపితే రెండిటి నుంచీ రక్షణ. ఉదయం బూట్లు తలకిందులు చేసి దులిపి తొడుక్కోవాలి, తేళ్ళు అక్కడే దాగుతాయి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం వద్దు. కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికే తీసుకుపోవాలి. చెరువులోకి, వాగులోకి అనుమతి లేకుండా దిగనని బిడ్డ చేత మాట తీసుకోండి. ఈత వచ్చిన పిల్లలకే ఈ మాట ఎక్కువ అవసరం.

ఇంట్లోవారు చేసుకోవలసిన సన్నాహం

సంతకానికి ముందు పంచాంగం చూడండి. వైశాఖంలో ముహూర్తాలు ఎక్కువ. శిబిరం నడుమ మేనమామ పెళ్ళి వచ్చిందని బిడ్డను వెనక్కు రప్పిస్తే దళంలో ఒక చేయి తగ్గుతుంది, పరీక్ష శిబిరమైతే ఆ పిల్లవాని అర్హత కూడా పోవచ్చు. జాతరకైనా ఇదే మాట. సందర్శన దినం అని ప్రకటిస్తే ఆ రోజే వెళ్ళండి. "దారినే పోతున్నాము" అని ఆగవద్దు. మీరు వెళ్ళిపోయాక ఏడ్చేది మీ బిడ్డ ఒక్కతే కాదు, ఎవరూ రాని పిల్లలు కూడా.

అత్యవసర సంప్రదింపుకు రెండు సంఖ్యలు ఇవ్వండి. సరిహద్దు గ్రామాలలో ఫోను ఒక్కోసారి అవతలి రాష్ట్రపు టవరును పట్టుకుంటుంది, ఒక్కోసారి దేనినీ పట్టదు. రెండవ సంఖ్య పట్నంలో ఉండే బంధువుదైతే మంచిది. ఆ బంధువుకు శిబిరం భాష వస్తే మరీ మంచిది, ఎందుకంటే అవతలి నుంచి మాట్లాడేవారికి తెలుగు రాకపోవచ్చు.

తిరిగి వచ్చిన రోజు బిడ్డ మాట్లాడడు, నిద్రపోతాడు. పడుకోనివ్వండి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఏమి పెట్టారు, ఎవరు తిట్టారు అని ప్రశ్నించవద్దు. రెండు రోజులలో తానే చెబుతాడు, విన్నంత వినండి. తలలో పేలు, తొడల నడుమ ఒరుపు, పాదాల బొబ్బలు చూడండి. తిరిగి వచ్చిన నెల రోజులలోపు జ్వరం వస్తే ఎండ జ్వరమని ఇంట్లో బిళ్ళ వేసి ఊరుకోవద్దు; శిబిరం ఎక్కడ జరిగిందో ఆశా కార్యకర్తకో వైద్యునికో చెప్పి రక్త పరీక్ష చేయించండి. మలేరియా లక్షణాలు బయటపడడానికి దోమ కుట్టిన నాటి నుంచి వారం మొదలు నెల వరకు పడుతుంది. మరునాటి ఉదయం బిడ్డ తన పడక తానే చుడుతుంటే, "ఉండనీ నాయనా, నేను తీస్తాలే" అని మాత్రం అనకండి.